గాజుకొండలో మునస్వామికి చోటు లేదు

పోయిన నెలలో బెంగళూరు నుంచి ఇద్దరు నన్ను వెతుక్కుంటూ తిరుపతి వచ్చారు. అమ్మాయి పేరు మేఘన. అబ్బాయి కూడా పేరు చెప్పాడు గానీ, నేను అతని గడ్డం చూస్తూ వినలేదు. ఇంట్లోకి వచ్చీరాగానే ఆ అబ్బాయి వంగి నా కాళ్ళకు దండం పెట్టాడు. నేను ఎనిమిది కథల పుస్తకాలు రాశాను. అవి చదివి కాళ్ళకు దండం పెట్టినవాడు ఇంతవరకు ఒక్కడూ లేడు. అసలు చదివినవాళ్ళే పదిమందికి మించరు. కాబట్టి ఇదేదో పొరపాటు అనుకున్నాను. పొరపాటు కాదట. అతను సంచిలోంచి పాత గ్రామఫోన్ రికార్డు ఒకటి, పసిబిడ్డను అందించినంత జాగ్రత్తగా బయటికి తీశాడు. అట్ట మీద రెక్కల గుర్రం. ఆ బొమ్మ వేసింది మా వీధి చివర లారీలకు బోర్డులు రాసే ఆయన. ఆయనకు ఎద్దులు వేయడం అలవాటు. అందుకని మా దివ్యాశ్వానికి రెక్కలు గద్దవి, ముఖం ఒంగోలు గిత్తది. దాని కింద వంకర అక్షరాల్లో ‘గాజుకొండ’ అని ఉంది.

"ఇది కల్ట్ సార్. ఫోక్‌నీ ప్రోగ్రెసివ్ రాక్‌నీ ఇట్లా కలిపినవాళ్ళు అప్పట్లో మన దగ్గర ఎవరూ లేరు. మీరు కాలం కంటే ముందున్నారు," అన్నాడు గడ్డం అబ్బాయి. మేం ముందూ లేము, వెనకా లేము. దారి తప్పి ఉన్నాం. దారి తప్పినవాడు ఎక్కడో ఒకచోట ఎదురుపడితే, చూసేవాడికి వాడే ముందు బయల్దేరినట్టు కనిపిస్తాడు. ఆ రికార్డును మళ్ళీ విడుదల చేస్తారట. నాతో కలిసి ఆ రికార్డు చేసిన ప్రభాకర్ పోయి మూడేళ్ళయింది. వాళ్ళబ్బాయి సంతకం పెట్టేశాడట. పాటలు రాసినవాడిగా ఇక నాది కావాలట. కాఫీ పెట్టుకొస్తానని వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి ముందు నిలబడి ఏవేవో గుర్తు చేసుకుంటూ ఉండగా పాలు పొంగి సగం పొయ్యి పాలయ్యాయి.

ప్రభాకర్ చిత్తూరు బజారు వీధిలో బట్టల కొట్టు వాళ్ళ అబ్బాయి. తిరుపతిలో నాతోపాటు కాలేజీలో చదివాడు. వాళ్ళ మేనమామ ఓడల్లో పనిచేసేవాడు. వచ్చినప్పుడల్లా మేనల్లుడికి ఇంగ్లీషు రికార్డులు తెచ్చేవాడు. కొట్టు పైనున్న గదిలో, కొత్త బట్టల గంజి వాసన మధ్య, కోరాగుడ్డ తానుల మీద పడుకుని మేం వాటిని వినేవాళ్ళం. ఒక్కో పాట ఇరవై నిమిషాలు. సగానికి వచ్చేసరికి మొదలు మర్చిపోతాం. మాటలు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అర్థం కాలేదు కాబట్టి గొప్పదని తీర్మానించాం. అట్టల మీద కోటలూ, మంత్రగాళ్ళూ, వింత జంతువులూ ఉండేవి కాబట్టి అవి రాజుల కథలని ఊహించాం. పాట పాటకూ సంబంధం ఉండి మొత్తం కలిపి ఒకే కథ చెప్పే రికార్డు తెలుగులో ఎవడూ చేయలేదని, చేయవలసిన వాళ్ళం మేమేనని ఒక మధ్యాహ్నం ప్రభాకర్ లేచి కూర్చుని ప్రకటించాడు. వాడిది గిటారు, నావి మాటలు. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రా నుంచి డ్రమ్ములు కొట్టేవాడినీ, ఆర్గన్ వాయించేవాడినీ లాక్కొచ్చి ‘ఐరావతం’ అని పేరు పెట్టుకున్నాం. జుట్టు భుజాల దాకా పెంచాం. చిత్తూరు బజారులో నడుస్తుంటే ఎదురైన పెద్దమనుషులు మెచ్చుకోలుగా, "ఏమప్పా, కొండకు మొక్కుబడా? ఎప్పుడిస్తారు తలనీలాలు?" అని అడిగేవాళ్ళు. విప్లవం కోసం పెంచిన జుట్టు భక్తి కింద జమ అయింది.

నేను రాసిన కథ గురించి చెప్పకుండా ఉండటమే మర్యాద. అయినా చెప్తాను. తలకోన అడవికి అవతల గాజుతో చేసిన కొండ. దానిమీద స్ఫటికరేఖ అనే రాణి శాపవశాన నిద్రపోతూ ఉంటుంది. చంద్రకేతు అనే రాకుమారుడు రెక్కల గుర్రం మీద వచ్చి ఏడు ద్వారాలు దాటి ఆమెను మేల్కొలుపుతాడు. ద్వారానికొక పాట. గాజుకొండ మీద గుర్రపు డెక్కలు జారవా అన్న అనుమానం నాలుగు నోటు పుస్తకాలు నింపినా నాకు రాలేదు. మా నాయన హైస్కూల్లో లెక్కల మాస్టరు. ఒకరోజు నా నోటు పుస్తకం మొత్తం తిరగేసి, కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"ఏమప్పా, ఈ రాజ్యంలో సేద్యం ఎవురు సేస్తారు?"

"అది ఊహాలోకం నాయనా."

"ఊహాలోకమైతే ఆకలి కాదా? మొత్తం సదివినా. ఒక్కడూ అన్నం తిన్నట్టు లేదే."

ఆ మాటకు నేను నవ్వుకున్నాను. లెక్కల మాస్టరుకు కళ ఏం తెలుస్తుందని ప్రభాకర్‌తో చెప్పి ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడు మాకు అన్నం వేళకు కంచంలోకి వచ్చి పడేది. ఎట్లా వస్తున్నదో చూసే తీరిక లేదు.

అది వచ్చే దారి చెంగమ్మత్త చేతుల మీదుగా ఉండేది. ఆమె నాయనకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే వడమాలపేటలోని పుట్టింటికి చేరింది. ఆ ఇల్లూ చితికాక తిరుపతికి మా ఇంటికి వచ్చింది. వచ్చేటప్పుడు తెచ్చుకున్న ఆస్తి ఒక్కటే, ఇసుర్రాయి. అప్పటికి మా వీధికి రెండు సందుల అవతలే పిండి మిషను ఉంది. "రాగులు మిషనుకు పంపిస్తాను గదక్కా," అని నాయన నెలకొకసారి అనేవాడు. "మిషను పిండి కమురు వాసనొస్తాదిరా, నేను తినను," అని ఆమె నెలకొకసారి బదులిచ్చేది. రోజూ తెల్లవారకముందే వెనక వసారాలో గోనెపట్టా పరిచి, రాయి ముందు ఒక కాలు చాపి కూర్చునేది. చుట్టూ రాగిపిండి సన్నగా ఎగిరి ఆమె ముంజేతుల వెంట్రుకల మీద వాలేది. నాకు చిన్నప్పటి తెల్లవారుజాములన్నీ ఆ పచ్చిపిండి వాసనే. రాయి గరగర మొదలైన కాసేపటికి దాని వెనకే పాట మొదలయ్యేది. ఏటి అవతలికి ఇచ్చిన ఆడబిడ్డను చూడ్డానికి అన్నదమ్ములు ఎవరూ రారు, వస్తారని ఆమె రోజుకొక పిడికెడు ఎక్కువ విసిరి పెడుతుంది. అంతే పాట. కానీ అది పూర్తయ్యే పద్ధతి ఒకటుంది. చివరి పిడికెడు రాయిలో పోసేటప్పుడు, విసిరే మనిషి తన పుట్టింటివాడి పేరు ఒకటి కట్టి పాడాలి. ఎవరి పేరు కడితే ఆ పూట వాడు ఎక్కడున్నా పస్తుండడని ఆ పాట పాడే ఆడవాళ్ళ నమ్మకం. అత్త కట్టే పేరు ఎప్పుడూ ఒకటే.

కడ పిడికెడు గింజ ఎవరికీ పోతునే
కడగొట్టు తమ్ముడు మునస్వామికీ పోతునే
ఏ ఊర ఉన్నాడొ ఏ నీడనున్నాడొ
ఆకలేళకు వాడి ఆకులో పడనీ

మునస్వామి అంటే మా చిన్నాయన. నేను పుట్టకముందే ఇల్లు వదిలి పోయాడు. పదహారేళ్ళవాడు దూడను సరిగా కట్టెయ్యలేదని తాత అన్నం ముందు కూర్చున్నవాణ్ణి చెంప మీద కొట్టాడు. వాడు ముట్టుకోని సంగటి ముద్దను అట్లాగే వదిలి లేచి, పుత్తూరు దాకా నడిచి రైలెక్కాడు. స్టేషన్లో చూసినవాళ్ళు చెప్పిందే ఆఖరి కబురు. ఆ ముద్ద పెట్టింది అత్త. తల్లి పోయాక వాణ్ణి పెంచిందీ ఆమే. వాడు పోయినందుకు తాత ఏడ్చాడట, నాయన ఊళ్ళు తిరిగి వెతికాడట. అత్త మాత్రం తిననిచ్చి కొట్టి ఉండకూడదా అని ఒక్క మాట అని, మర్నాటి నుంచి పాటలో వాడి పేరు కట్టడం మొదలుపెట్టింది. నేను ఎరిగినంతలో ఒక్కరోజు తప్పలేదు.

ఒక రాత్రి మా ఇంట్లో పడుకున్న ప్రభాకర్ తెల్లవారి ఆ పాట విని వసారాలోకి పరుగెత్తుకొచ్చాడు. "శీనా, స్ఫటికరేఖ నిద్రలో వినే పాట ఇదేనప్పా," అన్నాడు. రాయి తిరగడం కాలచక్రమట, నలిగే గింజలు మానవ జీవితాలట. "రాగులురా," అంది అత్త, చెయ్యి ఆపకుండా. వాడు వినలేదు. మర్నాడే ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ముందర టేపురికార్డరు పెట్టి పాడమన్నాడు. రెండు చరణాలు కూడా రాలేదు. ఆమె చేతులు ఒళ్ళో అటూ ఇటూ కదిలాయి, నోరు ఆగిపోయింది. "సెయ్యి తిరక్కపోతే పాట రాదురా సీనా," అంది. సరే, రాయి తిప్పుతూ పాడమన్నాం. ఉత్త రాయి తిప్పితే ఇంటికి అరిష్టం, గింజలు కావాలంది. గింజలు పోశాక ఒక్క పదం తడబడకుండా మొత్తం పాడింది. అంటే మద్రాసు స్టూడియోకు అత్తతోపాటు ఇసుర్రాయీ, అడ్డెడు రాగులూ కూడా పోవాలన్నమాట.

ఆమె వస్తుందని నేను అనుకోలేదు. చుట్టుపక్కల ఊళ్ళు తప్ప ఎరగని మనిషి. కానీ ఆ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఆ పలకలో పాడితే రేడియోలో వస్తాదా?" అని అడిగింది. గ్రామఫోన్ రికార్డు ఆమెకు పలక. వస్తుందన్నాను. "అన్ని ఊర్లల్లో ఇనపడతాదా?" వినపడుతుందన్నాను. "వాడి పేరు గూడా?" అని అడిగింది ఈసారి మెల్లగా. "వాడు ఏ ఊర్లో ఉండినా, నా గొంతు గుర్తు పట్టకపోయినా, పేరు ఇంటే తెలుస్తాది గదా. నన్ను పిలస్తా ఉండారని వస్తాడు గదా." నేను ఆమె చెయ్యి పట్టుకుని, పేరు కచ్చితంగా ఉంటుందని మాట ఇచ్చాను. మాట ఇవ్వడానికి నాకేం, మాటలు రాసేవాణ్ణి.

మద్రాసు పాసింజరులో గోనెసంచిలో చుట్టిన రాయిని చూసి టికెట్ కలెక్టరు ఇదేమిటన్నాడు. "వాద్యం," అన్నాడు ప్రభాకర్ గంభీరంగా. స్టూడియోలో తమిళ రికార్డిస్టు ఒకాయన, విబూది పెట్టుకున్న పెద్దమనిషి, "ఇంద కల్లు ఎదుక్కుప్పా?" అని అదే ప్రశ్న అడిగాడు. రాయి ఎందుకో వివరించడానికి ప్రభాకర్ కాలచక్రం నుంచి మొదలుపెట్టాడు. ఆయన సగంలోనే వదిలేసి, అత్త పక్కన నేల మీద తానే గోనెపట్టా పరిచి, ఒక మైకు ఆమెకూ ఇంకొక మైకు రాయికీ దించాడు. మేం నలుగురం మా పాటలకు రెండు రోజులు తీసుకున్నాం. ఆర్గన్ ఒకచోటుంటే డ్రమ్ములు ఇంకొకచోట. మధ్యలో గిటారు ఎటు పోవాలో తెలియక గుండ్రంగా తిరిగేది. అత్త ఒక్కసారి కూర్చుంది, ఒక్కసారి పాడింది. చివరి పిడికెడు పోసేటప్పుడు ఎప్పుడూ లేనిది తల ఎత్తి, మైకు వైపు చూస్తూ, "మునస్వామీ" అని రెండుసార్లు పాడింది. రికార్డిస్టు బయటికి వచ్చి ఆమెకు నమస్కారం పెట్టాడు. కార్పెట్టు నిండా రాగిపిండి. ఆమె తన కొంగుతో దాన్నంతా ఎత్తి సంచిలో పోసుకుంది.

ఆమెను రైలెక్కించి పంపాక మేం అన్నీ కలిపి వినడానికి కూర్చున్నాం. ఆ పేరు రాగానే ప్రభాకర్ నుదురు కొట్టుకున్నాడు. "గాజుకొండలో మునస్వామి ఏందప్పా? రాకుమారుడు చంద్రకేతు గదా. వినేవాడు నవ్వుతాడు." నాకు ఆ మాట నిజమే అనిపించింది. ఈ రోజు దాచుకోవడం ఎందుకు, వాడు అనకముందే నాకు అనిపించింది. స్ఫటికరేఖ, చంద్రకేతు అన్న పేర్ల పక్కన ఆ పేరు సంత నుంచి నేరుగా లోపలికి వచ్చినట్టుంది. నాకు సిగ్గేసింది. "రాసినోడివి నువ్వు, నువ్వే సెప్పు," అన్నాడు ప్రభాకర్. రికార్డిస్టు నావైపు తిరిగి, "అమ్మా ఒరు పేరు సొల్రాంగళే, అదు వేండామా?" అన్నాడు. అమ్మ ఏదో పేరు చెబుతోందే, అది వద్దా అని. ఆ గదిలో వినే చెవి ఉన్నది ఆయన ఒక్కడికే. నేను వద్దన్నట్టు చేత్తో సైగ చేశాను. కడ పిడికెడు దగ్గర అత్త గొంతు మెల్లగా తగ్గిపోయింది. దాని మీదికి ఆర్గన్ లేచింది. మేం నలుగురం ఒకరి భుజాలు ఒకరం తట్టుకున్నాం. అట్ట వెనక అందరి పేర్లూ వేశాం, టీ తెచ్చినవాళ్ళకు కృతజ్ఞతలతో సహా. అత్త దగ్గరికి వచ్చేసరికి ‘జానపద గానం: ఒక గ్రామీణ మహిళ’ అని వేశాం. అట్లా అయితే స్వచ్ఛంగా ఉంటుందట. ఆ సలహా నాదే.

ప్రభాకర్ ఎవరినో పట్టుకుంటే ఒక ఆదివారం మధ్యాహ్నం యువజనుల కార్యక్రమంలో ఆ ఒక్క పాట రేడియోలో వేశారు. అత్త తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఇరుగుపొరుగు అమ్మలను పిలుచుకొచ్చి రేడియో ముందు కూర్చుంది. నేను ముందే చెప్పి ఉండవచ్చు. వారం రోజులు టైము ఉంది. చెప్పలేదు. పాట వచ్చింది. రాయి చప్పుడు వినగానే ఆడవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. అత్త నవ్వలేదు, కుడిచెయ్యి కొద్దిగా కదులుతూనే ఉంది. కడ పిడికెడు వచ్చింది. ఆర్గన్ వచ్చింది. తర్వాత అనౌన్సరు ఇంకేదో పాట పేరు చెప్పాడు.

"ఇంకా ఉండాది గదా," అంది అత్త నావైపు చూసి.

"అంతే అత్తా. అయిపోయింది."

"పేరు యాడ?"

ఆ రాజ్యంలో ఆ పేరు కుదరదని, కథలో ఇంకొకడున్నాడని, కళలో ఇట్లాంటివి తప్పవని నేను వివరించాను. ఇరుగుపొరుగుల ముందే, ఒక డిగ్రీ ఉన్నవాడి ధీమాతో వివరించాను. ఆమె మొత్తం వింది. నన్ను ఒక్క మాట తిట్టలేదు.

"ఇట్టాంటి పలకలు ఎన్ని సేసినారు సీనా?"

కొన్ని వందలన్నాను.

"ఎవురింట్లో ఏసినా ఇంతేనా? పాట పాడి పేరు కట్టకుండా నిలిపేసేదేనా? అయితే ఏసినప్పుడంతా వాడు పస్తే గదరా."

అని లేచి వెనక వసారాలోకి పోయింది. పిండి డబ్బా నిండుగా ఉంది. అయినా పిడికెడు రాగులు పోసి, రాయి రెండు చుట్లు తిప్పి, పాట లేకుండా ఉత్త పేరు ఒక్కటే చెప్పింది. ఆ రోజు నుంచి ఆమె పొద్దున విసిరేది కాక మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి పిడికెడు చొప్పున విసిరేది. ఎవరింట్లో ఎప్పుడు ఆ పలక వేస్తారో ఆమెకు తెలియదు గదా. చేతి కీళ్ళు వాచి ఇక తిప్పలేని దాకా అట్లాగే చేసింది. నాయన నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. మా రికార్డు అమ్ముడుపోలేదు. అట్టలన్నీ ప్రభాకర్ వాళ్ళ కొట్లో చీరల మధ్య మడత పడకుండా పెట్టడానికి వాడారు. ఆ ఓటమికి ప్రభాకర్ చచ్చేదాకా కుమిలిపోయాడు. నాకు మాత్రం అది కొనని ప్రతి మనిషి మీదా లోలోపల కృతజ్ఞత ఉండేది. క్షమించమని అత్తను నేను అడగనేలేదు. ఏదో ఒకరోజు అడుగుదాంలే అనుకుంటూ ఉండగానే ఆమె పోయింది. మునస్వామి రాలేదు.

అప్పుడు మేము వెర్రివాళ్ళం, ఇప్పటి పిల్లలు తెలివైనవాళ్ళు అని రాసి ముగిస్తే బాగుంటుంది. తెలివైనవాళ్ళే. మేం అత్తను ‘గ్రామీణ మహిళ’ అన్నాం, వీళ్ళు ‘ఫీల్డ్ వాయిస్’ అంటున్నారు. మాకు కాలచక్రం వినపడింది, వీళ్ళకు ‘డ్రోన్’ అట, తంబురా శ్రుతి లాంటి మోత, వినపడుతోంది. రాగులు అప్పుడూ ఎవరికీ వినపడలేదు, ఇప్పుడూ వినపడటం లేదు.

కాఫీ గ్లాసులు తెచ్చి పెట్టి, నేను వాళ్ళకు ఒక మాట చెప్పాను. ఆ పాట చివర ఒక పేరు ఉండాలి, అసలు టేపు దొరికితే అది వెతికి కలపండి, లేదా ఎవరి చేతనైనా పాడించి చేర్చండి, సంతకం పెడతాను అన్నాను. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అసలు టేపు ఎప్పుడో చెరిపేశారట. "అయినా సార్," అన్నాడు అబ్బాయి, చాలా మర్యాదగా, "ఆ ఫేడవుటే ఈ ఆల్బమ్‌కు ప్రాణం. ఆమె గొంతు అలా మాయమై ఆర్గన్ లేస్తుంది చూడండి, అక్కడ అందరికీ ఒళ్ళు జలదరిస్తుంది. దాన్ని ముట్టుకోకూడదు సార్." అందరికీ అంటే ఎవరికని అడిగాను. ఆ పాటను కిందటేడే ఇంటర్నెట్‌లో పెట్టేశారట. వేలమంది విన్నారట. రాత్రీ పగలూ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు వింటూనే ఉంటారట. ఆ మాట నాకు ఆనందం కలిగిస్తుందని అతను నవ్వుతూ చెప్పాడు.

నేను ఆ నమ్మకాలు ఉన్నవాణ్ణి కాదు. దేవుడికే దండం పెట్టను. అయినా మునస్వామికి ఎన్ని పూటల పస్తో లెక్కపెట్టబోయాను. సంతకం పెట్టనన్నాను. అతని ముఖం మాడిపోయింది. మేఘన మాత్రం, పాపం, నన్ను మెత్తబరచాలని, "ఒక్కసారి వినండి సార్, విని చాలా ఏళ్ళయి ఉంటుంది," అని ఫోను బల్ల మీద పెట్టి పాట వేసింది. రాయి తిరిగింది. అత్త గొంతు నేను అనుకున్నదాని కంటే చిన్న వయసులో ఉంది. ఇప్పటి నా వయసు కంటే ఆమె అప్పుడు ఎంత చిన్నదో నాకు తట్టనే లేదు. కడ పిడికెడు దాకా వచ్చి, ఎవరికీ పోతునే అని అడిగి, ఆ గొంతు పల్చబడటం మొదలైంది. ఆర్గన్ లేచేలోపు నేను గట్టిగా, గొంతు చించుకున్నట్టుగా, "మునస్వామీ" అన్నాను.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. మేఘన నేను ఇంట్లో ఎవరినో పిలుస్తున్నాననుకుని, లోపలి గది వైపు తిరిగి చూసింది.

"ఎవరన్నా రావాలా సార్?" అని అడిగింది.

"రావాలమ్మా," అన్నాను. "మేం పిలవలేదు."